అనుమతి పొందిన కథ: ‘వృద్ధుల సంవాదం’లో క్రైస్తవం, ఐరిష్ పురాగాథ

‘కెల్టిక్ ఆధ్యాత్మికత’ అనే మాట నేడు కొండలు, ఊటబావులు, అదృశ్య దేవతలతో నిండిన ఒక ప్రాచీన ప్రకృతి మతాన్ని స్ఫురింపజేస్తుంది. క్రైస్తవం దానిపై పలుచని పొరగా పరచుకుందనీ, ఆ పొరను ఒలిస్తే అసలు మతం బయటపడుతుందనీ ఒక అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. ఐర్లండ్ విషయంలో ఈ అభిప్రాయానికి ఒక మౌలికమైన అడ్డంకి ఉంది. అక్కడి దేవతల కథలు, వీరగాథలు మనకు లభించింది క్రైస్తవ విద్యాసంప్రదాయంలో చదువుకున్న లేఖకుల చేతిరాతలోనే. కనుక ఒక మతం తాను తొలగించిన విశ్వాసపు కథలను ఏ షరతులపై నిలుపుకుంటుందన్నది ముందుగా వేసుకోవలసిన ప్రశ్న. 1200 ప్రాంతంలో వెలువడిన ‘అగల్లవ్ నా షెనోరఖ్’ (వృద్ధుల సంవాదం) ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఈ రచనలో ఫిన్ నాయకత్వంలోని ఫియన్న వీరులు అంతరించగా, కైల్తె, ఒషీన్ అనే వృద్ధులు కొద్దిమంది అనుచరులతో మిగులుతారు. కైల్తె ఐదవ శతాబ్దపు మతప్రచారకుడైన పాట్రిక్‌ను కలుసుకుంటాడు. పాట్రిక్ పవిత్రజలం చల్లగానే ఆ వీరులను ఆవరించి ఉన్న దయ్యాలు కొండల్లోకి పారిపోతాయి. ఆ తరువాత ఇద్దరూ ఐర్లండ్ అంతటా తిరుగుతారు. పాట్రిక్ ప్రతి గుట్టకూ ప్రతి మడుగుకూ ఆ పేరెలా వచ్చిందని అడుగుతాడు. కైల్తె కథ చెబుతాడు. సూతుడు శౌనకాది మునులకు పురాణం వినిపించే కథన చట్రం మనకు సుపరిచితం. అక్కడ వక్త, శ్రోతలు ఒకే విశ్వాసానికి చెందినవారు, శ్రవణమే పుణ్యం. ఇక్కడ వక్త పాత లోకానికి చెందినవాడు, శ్రోత దానిని తొలగించడానికి వచ్చినవాడు. అందువల్ల వినడమే సందేహాస్పదమవుతుంది. ఈ కథల్లో పడి ప్రార్థనను అశ్రద్ధ చేస్తున్నానేమోనని పాట్రిక్ కలవరపడతాడు.

ఆ సందేహాన్ని తీర్చేవారు అతని రక్షక దేవదూతలు. వారు చెప్పేవి రెండు విషయాలు. వయోభారం వల్ల, మరపు వల్ల ఈ వృద్ధులు చెప్పగలిగేది తమ కథల్లో మూడోవంతు మాత్రమే. దానిని రాయించాలి, రాబోయే కాలపు జనులకు, ప్రభువులకు అది ఆనందాన్నిస్తుంది. ఈ అనుమతిలో ఒక షరతు ఇమిడి ఉంది: కథకు దక్కిన ప్రయోజనం ఆనందమే, ఆరాధన కాదు. తూహ డే డానన్ అనే దివ్యజాతికి చెందిన కాస్ కోరఖ్ సంగీతం వినిపించినప్పుడూ ఇదే తర్కం కనిపిస్తుంది. అందులో షీ లోకపు మాయాస్వరం లేకుంటే అది స్వర్గసంగీతానికి సాటి అని పాట్రిక్ అభిప్రాయం. స్వర్గంలో సంగీతం ఉంటే భూమిపై ఎందుకుండకూడదని అతని లేఖకుడు బ్రొకాన్ వాదిస్తాడు. పాత మాధుర్యాన్ని సమర్థించే వాదన కూడా క్రైస్తవ పరిభాషలోనే సాగుతుందన్నది గమనార్హం.

అయితే ఈ ఔదార్యం నిర్వివాదం కాదు. పన్నెండవ శతాబ్దపు ‘లెన్‌స్టర్ గ్రంథం’లో ‘టాయిన్ బో కువాల్న్యె’ అనే గోగ్రహణ గాథ చివర రెండు ముగింపు వాక్యాలున్నాయి. ఐరిష్‌లో ఉన్నది, గాథను మార్చకుండా యథాతథంగా కంఠస్థం చేసేవారిని ఆశీర్వదిస్తుంది. ఫలశ్రుతికి దగ్గరగా ఉంటుంది. లాటిన్‌లో ఉన్నది, ఇందులో కొన్ని దయ్యాల మోసాలనీ, కొన్ని కవికల్పనలనీ, కొన్ని మూఢుల వినోదానికి ఉద్దేశించినవనీ చెప్పి విశ్వాసాన్ని నిరాకరిస్తుంది. ‘సంవాదం’ తన రెండు పాత్రలకు పంచిన సంఘర్షణ ఇక్కడ ఒకే పుటపై రెండు భాషలుగా నిలిచింది.

ఈ సాహిత్యంపై విమర్శ రెండు దారుల్లో సాగింది. మౌఖిక సంప్రదాయపు ప్రాచీనతకు ప్రాధాన్యమిచ్చిన దృష్టి ఒకటి. 1955లో జేమ్స్ కార్నీ, 1990లో కిమ్ మెకోన్ తమ గ్రంథాల్లో బలపరచిన, క్రైస్తవ లేఖకుల కర్తృత్వానికి ప్రాధాన్యమిచ్చే దృష్టి మరొకటి. రెండవది ఆధారాలకు దగ్గరగా ఉందని నా అభిప్రాయం. కానీ దానిని చివరిదాకా లాగితే, ‘సంవాదం’లోని దుఃఖానికి వివరణ దొరకదు. కైల్తె పదేపదే గతించిన సహచరులను తలచుకుని విలపిస్తాడు. రచన ఆ విలాపాన్ని ఖండించదు. మూడింట రెండు వంతులు పోయాయని దేవదూతల చేతనే పలికించిన రచయిత, తాను కాపాడుతున్నది శేషమేనన్న ఎరుకతో రాశాడు. పాత కథ సమగ్రంగా దక్కిందనే వాదానికి గాని, అది కేవలం మఠాల సృష్టి అనే వాదానికి గాని ఈ ఎరుక లొంగదు.

ఒషీన్ పేరును ఐరోపా అంతటా వ్యాపింపజేసిన మాక్‌ఫర్సన్ పద్దెనిమిదవ శతాబ్దంలో క్రైస్తవ శ్రోతను పక్కకు నెట్టి, అంతరించిన వీరుల విషాదాన్ని మాత్రమే నిలిపాడు. కెల్టిక్ ఆధ్యాత్మికతను పొర ఒలిచి చూపాలనుకునేవారు చేసేదీ అదే. కానీ పాట్రిక్‌ను తొలగిస్తే కైల్తెకు ప్రశ్న వేసేవారుండరు. ప్రశ్న లేనిచోట కథ లేదు. దేవతల దైవత్వాన్ని హరించిన చెయ్యి, వారి పేర్లను కాపాడిన చెయ్యి ఒక్కటే. ఈ రెండు పనులనూ కలిపి చదవగలిగినప్పుడే ‘సంవాదం’ అన్న పేరుకు న్యాయం జరుగుతుంది.