పిల్లల సీట్ల నడుమ పది సిలిండర్లు

ప్లేస్టేషన్ రోజుల్లో మా వీధి చివర ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. ‘గ్రాన్ టురిస్మో 2’లో అందరూ నేలకి అంటుకుపోయే స్పోర్ట్స్ కార్లు తీసుకుంటే, నేనో వ్యాను తీసుకున్నాను. ‘పెళ్లివాళ్లని దింపడానికి వెళ్తున్నావేంట్రా’ అని ఒకటే నవ్వు. రెండో లాప్‌కి ఆ నవ్వు ఆగిపోయింది.

ఆ బండే రెనో ఎస్పాస్ ఎఫ్1. మామూలు ఎస్పాస్ 1984 నాటి ఫ్రెంచి కుటుంబ వ్యాను. మాట్రా కంపెనీ ఆలోచన అది. ప్యూజో వద్దంటే రెనో అందుకుంది. మొదటి నెల తొమ్మిదే అమ్ముడయ్యాయట! ఆ తర్వాత యూరప్ ఇళ్ల ముందు ఎక్కడ చూసినా అదే.

పదో పుట్టినరోజుకి, 1994లో, రెనో, మాట్రా, రేసు జట్టు విలియమ్స్ కలిసి ఆ వ్యానులో ఫార్ములా వన్ ఇంజన్ పెట్టాయి. 3.5 లీటర్లు, పది సిలిండర్లు, సుమారు 800 గుర్రాల బలం. ఈ ఇంజన్ అన్నగారు 1992లో విలియమ్స్ డ్రైవర్ నైజెల్ మాన్సెల్‌కి 16 రేసుల్లో 9 గెలిపించాడు. ఇదేమో 1993లో ఆలన్ ప్రోస్ట్‌కి నాలుగో టైటిల్ కట్టబెట్టింది.

ఆ పనితనం చూడండి. మామూలు ఇంజన్లో వాల్వుని మూసేది ఉక్కు స్ప్రింగు. నిమిషానికి పదమూడు, పద్నాలుగు వేల చుట్లు తిరిగేచోట స్ప్రింగు ఆ వేగాన్ని అందుకోలేదు, వణికిపోతుంది. రెనో ఇంజనీర్లు స్ప్రింగునే తీసేసి ఒత్తిడి పట్టిన గాలిని పెట్టారు. గాలి అలిసిపోదుగా! 1986 నుంచే రేసుల్లో నడిచిన ఈ కిటుకుని తర్వాత మిగతావాళ్లంతా అనుసరించక తప్పలేదు.

నాకు ఇంతకంటే ముచ్చటైంది సీట్ల అమరిక. బండిని కార్బన్ ఫైబర్‌తో కట్టి, ఇంజన్ని నట్టింట్లో పెట్టారు. వెనక సీట్లు రెండూ దానికి చెరోపక్క. మన ఓమ్నీలో సీటు కింది ఇంజన్ సెగకే అబ్బా అనేవాళ్లం. ఇక్కడ ప్రోస్ట్ ఇంజన్ మోచేతి పక్కనే గర్జిస్తుంది. ఏడు సెకన్లు తిరక్కుండానే 200 కిలోమీటర్ల వేగం. అయినా నలుగురూ కూర్చోవచ్చు. నలుగురూ! షోరూముకి రాలేదు, రావాలని చేసిందీ కాదు.

ఇప్పటి కార్లకో? బంపరుకి నల్లరంగు, సీటుకి ఎర్రదారం కుట్టు, డిక్కీ మీద ‘స్పోర్ట్’ అని ఓ బిళ్ల. అంతే, ధర పెరిగిపోతుంది. కొన్నింటిలో ఇంజన్ మోత కూడా స్పీకర్లోంచే వస్తుంది! వీధుల్లో సైలెన్సర్లు కోయించుకుని పసిపిల్లల నిద్ర చెడగొట్టేవాళ్లే నయం, కనీసం ఆ మోత ఇంజన్‌దే. ఇదే రెనో మన దేశంలో మూడు సిలిండర్ల ట్రైబర్ అమ్ముతుంది. దాన్నేమీ అనను, మా బావగారి బండి అదే, వేషాలు లేని బండి. నా కడుపుమంటంతా ఎస్పాస్ గురించే. 2023లో ఆ పేరుని తీసుకెళ్లి అందరిలాంటి ఎస్‌యూవీకి తగిలించారు. ఎస్పాస్‌ని కన్న మాట్రా కార్ల ఫ్యాక్టరీ 2003లోనే మూతపడింది.

ఆ ఫ్యాక్టరీ ఉండిన ఊరు రొమొరాంతాన్‌లోని మాట్రా మ్యూజియంలో ఉంది మన బండి. అలాంటి ఇంజన్ తాళం తిప్పగానే లేవదు. ముందు నీళ్లూ ఆయిలూ వేడి చేసి, చలి వదిలించి, బతిమాలి లేపాలి. మ్యూజియం బాబులూ, ఏడాదికొక్కసారైనా ఆ కాస్త శ్రమ పడండి. స్టీరింగు ఎవరికిచ్చినా నాకు పేచీ లేదు. వెనక ఎడమ సీటు మాత్రం నాది.