భువనగిరి గుట్టకు ఒక ముడుపు

తెల్లవారుజామున ఆరాంఘర్ చౌరస్తాలో మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల బస్సులు ఆగుతాయి. దిగేవాళ్లలో కొందరి చేతుల్లో పెద్ద ప్లాస్టిక్ కవర్లుంటాయి. వాటిలో స్కాన్ ఫిల్ములు, మడతలు నలిగిన చీటీలు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రికి ఏ బస్సెక్కాలని అడుగుతారు. ఈ చుట్టుపక్కల బతికే మాకు ఆ ప్రశ్న అలవాటే. 2009లో పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది, 2025 జనవరిలో జూపార్కు వైపు ఫ్లైఓవర్ తెరిచారు. విమానాశ్రయం కార్లు తలల మీదుగా వెళ్లిపోతుంటాయి. కవరు పట్టుకున్న మనిషి మాత్రం కింద నిలబడి దారి అడగాల్సిందే.

మా స్నేహితులం కొందరం కలిసి గుట్టలెక్కడం పాత అలవాటు. దానికి చందాలు పోగు చెయ్యడం తోడైంది మాలో ఒకడి తండ్రి జబ్బుపడ్డాక. చికిత్స చేసిన ఆసుపత్రివాళ్లు ఒకరోజు "ఇంక మా చేతుల్ల ఏం లేదు, ఇంటికి తీసుకపోండి" అన్నారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఇంటికెళ్లాక నొప్పికి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. రాత్రిళ్లు ఆయన మూలుగు గల్లీ చివరిదాకా వినిపించేది. ఎవరో చెబితే హాస్పిస్‌కు తీసుకెళ్లారు. మందు సరిగ్గా పడ్డాక ఆయన నిద్రపోయాడు. లేచి చాయ్ అడిగాడు. తర్వాత కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరికెంత బాకీ ఉందో, చిట్టీ ఎప్పటికి తీరుతుందో, బిడ్డ పెళ్లికి ఎవరిని పిలవాలో చెప్పాడు. కొన్నాళ్లకు అక్కడే పోయాడు. నొప్పితో అరుస్తూ పోలేదు. ఆ ఇంటికి అది ఎంత పెద్ద సంగతో దగ్గరుండి చూశాం.

జబ్బు నయం కాదని తేలిన మనిషికి నొప్పి, ఆయాసం, పుండ్లు, భయం తగ్గించి చివరిదాకా మర్యాదగా చూసుకునే చోటు హాస్పిస్. లండన్‌లో సిసిలీ సాండర్స్ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ తెరిచి ఈ పద్ధతికి ఆధునిక రూపమిచ్చింది. ఆమె మొదట నర్సు, తర్వాత సామాజిక కార్యకర్త, ఆ పైన డాక్టర్. రోగి నొప్పిలో ఒంటి బాధతో పాటు ఇంటి దిగులు, డబ్బు దిగులు, దేవుడి మీద అలక అన్నీ కలిసి ఉంటాయని ఆమె గట్టిగా చెప్పింది. మన దేశంలో మొదటిది 1986లో ముంబైలో మొదలైన శాంతి అవేదన సదన్. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ ట్రస్టు 2011లో స్పర్శ్ హాస్పిస్ పెట్టింది. ఇప్పుడది ఖాజాగూడలో సొంత భవనంలో నడుస్తోంది. రోగి దగ్గర రూపాయి తీసుకోదు. ఎం.ఎన్.జె.లో డాక్టర్ గాయత్రి పాలాట్ నిలబెట్టిన నొప్పి తగ్గించే విభాగం ఉంది. ప్రభుత్వ ‘ఆలన’ బండ్లు ఊళ్లలో మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్తాయి.

ఇలాంటి నొప్పికి వాడే మందు, నోటితో మింగే మార్ఫిన్ మాత్ర, ఖరీదైనదేం కాదు. నాలుగు గంటలకోసారి, గడియారం చూసి, నొప్పి తిరగబెట్టకముందే ఇవ్వాలి. తోడుగా విరేచనానికి మందివ్వాలి. ఇది తెలిసిన చెయ్యి కావాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంతో ఆ మాత్ర దొరకడమే గగనమైంది. 2014లో చట్టాన్ని సవరించి దారి సులువు చేశారు. మార్ఫిన్ అంటే జనంలో భయం మాత్రం ఇంకా పోలేదు. హాస్పిస్‌కు అసలు ఖర్చు మనుషులది. రాత్రంతా మేలుకునే నర్సులు, పుండు కడిగేవాళ్లు, ఉతికిన దుప్పట్లు, వెంట వచ్చినవాళ్లకు ఇంత అన్నం. ఈ ఖర్చు ప్రతి నెలా ఉంటుంది.

ఇక చందా అడగడం సంగతి. గుట్ట ఎక్కడం కంటే అదే కష్టం. కాటేదాన్‌లో ఒక దుకాణదారు సూటిగా అడిగాడు: "పైసలు గావాలంటే అడుగున్రి, ఇస్త. గుట్టెక్కుడెందుకన్నా? మీరెక్కితే ఆళ్ల నొప్పి తగ్గుతదా?" న్యాయమైన ప్రశ్న. జవాబు వెంటనే రాలేదు. ఆయనే కాసేపాగి వాళ్లమ్మ గురించి మొదలుపెట్టాడు. గొంతు కేన్సర్. చివరి నెల నీళ్లు కూడా దిగలేదట. ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదట. అప్పుడు నాకు తెలిసింది. బడికో గుడికో చందా అడిగితే మనిషి జేబు తడుముకుంటాడు. హాస్పిస్‌కు అడిగితే లోపల దాచుకున్న చావొకటి బయటికొస్తుంది. ఎవరింట్లోనైనా ఊరికే కూర్చుని చావు గురించి మాట్లాడలేం, "శుభమా అని ఆ మాటలెందుకు" అంటారు. గుట్ట పేరు చెబితే మాట్లాడనిస్తారు. మేం ఎక్కడానికి అసలు కారణం అదేనని ఇప్పుడు నమ్ముతున్నాను. డబ్బు దాని వెనక వస్తుంది.

కొండకూ కానుకకూ సంబంధం మనకు కొత్త కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు కాలినడకన ఎక్కేవాళ్ల కొంగున పసుపు గుడ్డలో ముడుపు ఉంటుంది. బిడ్డకు జ్వరం తగ్గితే ఎక్కుతానని, మగనికి ఆపరేషన్ బాగైతే ఎక్కుతానని కట్టినది. మనవాళ్లు ఒళ్లు హూనం చేసుకుని మొక్కు తీర్చుకోవడంలో ఉన్న నిజాయితీ నాకెప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. మేం కట్టే ముడుపులో ఒక్కటే తేడా. బాగైతే ఇస్తామనే షరతు లేదు. బాగుకారని తెలిసే ఇస్తున్నాం.

మాకు దొరికిన కొండ భువనగిరి. శంషాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డెక్కి ఘట్‌కేసర్ దగ్గర దిగి వరంగల్ రోడ్డు పడితే పొద్దెక్కకముందే చేరొచ్చు. 500 అడుగుల పైచిలుకు ఏకశిల, మీద చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో చెప్పుకునే కోట. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ మొదట తాడు పట్టింది ఈ రాతి మీదే. 2014 మే 25న ఆ ఇద్దరూ ఎవరెస్టు మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ బండ మీద చెయ్యి ఆనిస్తే ఆ పిల్ల గుర్తొస్తుంది నాకు.

అందరికంటే మెల్లగా నడిచేవాళ్లు ముందుంటారు, మిగతావాళ్లం వెనక. చందా ఇచ్చినవాళ్లను ఎవరి జ్ఞాపకంగానో చెప్పమంటాం. పైన కోట గోడల దగ్గర ఆ పేర్లు బిగ్గరగా చదువుతాం. ఊరి పేరు, చేసిన పని కూడా చదువుతాం: హమాలీ, టీచరమ్మ, లారీ డ్రైవరు. డబ్బు మా చేతికి రానివ్వం. ఇచ్చేవాళ్లే హాస్పిస్ ఖాతాకు పంపి రసీదు తెచ్చుకోవాలి. పెట్రోలు, ఇడ్లీ మా జేబులోంచే.

ఈ చివరి సంగతి మీద నాకు పట్టుదల ఉంది. బ్రిటన్‌లో హాస్పిస్‌ల ఖర్చులో ప్రభుత్వం ఇచ్చేది సుమారు మూడో వంతే. మిగతాది జనం తేవాలి. అందుకే అక్కడ స్నేహితులు కలిసి కొండలెక్కి చందాలు పోగు చెయ్యడం మామూలు. కొందరు 5,895 మీటర్ల కిలిమంజారో దాకా వెళ్తారు. సొంత ఖర్చుతో వెళ్తే వాళ్లకు దండం పెడతాను. చందా డబ్బుల్లోంచే విమానం టిక్కెట్టు కొనే పద్ధతి మాత్రం తప్పు. రోగి పేరున వచ్చిన రూపాయి రోగి మంచం దగ్గరికే చేరాలి. మనకు దగ్గరి దారి కేరళ చూపించింది. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన పని ఊరూరా పాకింది. ఇరుగుపొరుగువాళ్లే సేవకులై, చిన్న చిన్న చందాలతో మంచాన పడ్డవాళ్లను చూసుకునే సంఘాలు పుట్టాయి. ఏడాదికోసారి వచ్చే పెద్ద చెక్కు కంటే నెలనెలా వచ్చే వంద రూపాయలు నర్సు జీతానికి ఎక్కువ భరోసా అని వాళ్లను చూస్తే తెలుస్తుంది.

కాబట్టి చదివేవాళ్లకు నా విన్నపం రెండు మాటలు. మీ ఇంట్లోనో గల్లీలోనో నయంకాని జబ్బుతో ఎవరైనా నొప్పి పడుతుంటే, ఓర్చుకొమ్మని చెప్పకండి. ఎం.ఎన్.జె.లో నొప్పి తగ్గించే విభాగానికో, దగ్గరి ఆలన కేంద్రానికో తీసుకెళ్లండి, మార్ఫిన్ పేరు విని భయపడకండి. మీ స్నేహితులతో ఏ గుట్ట ఎక్కినా సరే, ఎక్కేముందు ఒక హాస్పిస్‌కు నెలకింత అని రాసివ్వండి, మీ పక్కింటివాళ్లనూ అడగండి.