ఇల్లు అమ్మబడును - పేరు మినహా

మన విమర్శకులు కథల్నీ కవిత్వాన్నీ చదివినట్టు 'ఇల్లు అమ్మబడును' ప్రకటనల్ని చదవరు. ఉండేది నాలుగు లైన్లు. లైనుకింత అని పైసలు కట్టాలి కనుక ఒక్క మాటా ఊరికే పడదు. ధర పెంచే మాట ఉంటుంది, తగ్గించే మాట పోతుంది. ఈ సమాజం మనలో దేన్ని కొంటుందో, దేన్ని వద్దంటుందో ఇంత సూటిగా చెప్పే సాహిత్యం నాకు మరోటి కనపడలేదు.

బోరబండలో అబ్బా కట్టిన ఇల్లు అమ్మకానికి పెట్టాల్సొచ్చింది. అమ్మీ వైద్యానికి చేసిన అప్పు నెత్తిమీదుంది. 70 గజాల జాగా, రెండు గదులు, వెనక చిన్న ఆంగన్. భాయిజానూ నేనూ కూచుని రాశాం: 'బోరబండలో, మసీదు పక్క గల్లీలో, 70 గజాల ఇల్లు. తూర్పు ముఖం. నల్లా ఉంది. రిజిస్ట్రేషన్ కాగితాలు, లింకు డాక్యుమెంట్లు ఉన్నవి.' కింద భాయిజాన్ పేరు, ఫోను నంబరు.

బ్రోకరు చదివి పెన్ను తీశాడు. మంచోడే, మా గల్లీవాడే. మొదట 'బోరబండ' కొట్టేశాడు. "హైటెక్ సిటీకి దగ్గర్ల అని రాయుండ్రి భాయ్." తర్వాత మసీదు పోయింది. ఆఖరికి పేరు. "నంబర్ చాలదా? పేరు చూస్తే ఫోనే చెయ్యరు. ఫోన్ నేనెత్తుత తియ్యుండ్రి." తూర్పు ముఖాన్ని మాత్రం మొదటి లైనుకి జరిపాడు.

ఈ కొట్టివేతల్ని ఒక్కొక్కటిగా చదవాలి.

హైటెక్ సిటీకి దగ్గరన్నది అబద్ధం కాదు. సికింద్రాబాద్ వైపు నుంచి ఎమ్మెమ్టీఎస్‌లో వస్తే బోరబండ తర్వాతి స్టేషను అదే. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ అద్దాల మేడల కింద ఆటోలు నడిపేవాళ్ళూ, నేల తుడిచేవాళ్ళూ మా బస్తీల్లోనే ఉంటారు. ఇంటికి ధర పలకాలంటే మాత్రం బస్తీ పేరు పనికిరాదు. ఈ అవమానం మా ఒక్కళ్ళదే కాదు. పక్కింటి మాదిగ అన్న ఇల్లు అమ్మినా బోరబండ పేరు కొట్టేసేవాళ్ళే.

మసీదు సంగతి వేరు. 'గుడికి దగ్గర' అని గర్వంగా వేసుకున్న ప్రకటనలు ఎన్నో చదివాను. గుడి దగ్గరుంటే ప్రశాంతత, మసీదు దగ్గరుంటే హెచ్చరిక! రెండు చోట్లా ఇటుకా సిమెంటే కదా?

ఇక పేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, మామూలు జాగ్రత్తతో కొనేవాడికి కనపడని ముఖ్యమైన లోపం ఆస్తిలో గానీ, హక్కులో గానీ ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. మా కాగితాల్లో లోపం లేదు. ఏ చట్టంలోనూ లోపంగా లేని మా పేరునే లోపంలా దాచమంటున్నారు. అమెరికాలో 1968 చట్టం ఇళ్ళ ప్రకటనల్లో మతాన్ని బట్టి ఇష్టాయిష్టాలు రాయడాన్ని నిషేధించింది. మన దగ్గర 2005లో సుప్రీంకోర్టు, పార్శీలకే సభ్యత్వమన్న ఒక హౌసింగ్ సొసైటీ నియమాన్ని సమర్థించింది. ఇళ్ళు కొనడంలో, అద్దెకు తీసుకోవడంలో ముస్లింలకు ఎదురయ్యే కష్టాల్ని 2006లో సచార్ కమిటీ రాసింది. ప్రకటనల్లో ఇదంతా ఒక ఖాళీగా మాత్రమే ఉంటుంది.

మరి తూర్పు? ఆ ఇంట్లో అబ్బా నలభై ఏళ్ళు నమాజు చేసింది పడమటి గోడకేసి. ఇక్కణ్ణించి కిబ్లా అటే. అమ్మకానికి పనికొచ్చింది మాత్రం తూర్పు. జాగా కొన్నప్పుడు అబ్బా కూడా "రేపు అమ్మాలంటే తూర్పే మంచిది" అన్నాడట. అంటే మా ఇల్లు కట్టకముందే పరాయివాళ్ళ నమ్మకానికి తగ్గట్టు తిరిగి ఉందన్నమాట.

మన తప్పూ చెప్పుకోవాలి. ఉర్దూ పేపరులో వేసే ప్రకటనకి 'ముస్లిం ఫ్యామిలీకే' అని కలపమన్నాడు మా చుట్టమొకాయన. దూదేకులవాళ్ళు అడిగితే ఎట్లా అని నసిగినవాళ్ళూ ఉన్నారు. మనల్ని వద్దనే వాక్యాన్నే మనం ఉర్దూలోకి తర్జుమా చేసుకుంటే ఇక ఫిర్యాదు ఎవరి మీద?

మొదటి వారం బ్రోకరు చెప్పినట్టే వేశాం. ఫోన్లు బాగానే వచ్చాయి. నలుగురు వచ్చి చూశారు. దర్వాజా మీది ఆయత్ చూసి ముగ్గురు గడప దగ్గర్నుంచే "మళ్ళీ చెప్తం" అని వెళ్ళిపోయారు. నాలుగో ఆయన లోపలిదాకా వచ్చి, పేరడిగి, చాయ్ వద్దని లేచాడు. అమ్మీ గదిలో పడుకుని అన్నీ వింటూనే ఉంది. పేరు దాచి మేం సాధించిందల్లా, ఫోనులో జరగాల్సిన తిరస్కారాన్ని ఆమె మంచం దాకా తెచ్చుకోవడమే.

రెండో ప్రకటన భాయిజాన్ రాశాడు. బోరబండ ఉంది, మసీదు ఉంది, పేరు ఉంది. 'ముస్లిం ఫ్యామిలీకే' అన్నది లేదు. ఫోన్లు తగ్గాయి. ధర కూడా తగ్గొచ్చు, అప్పు మొత్తం తీరకపోవచ్చు. ఆ తేడా ఎంతో లెక్క కట్టాలనుకుంటున్నాను. ఈ నగరంలో మా పేరుకి పడుతున్న పన్ను అదే.