జాడ తెలిసినవాళ్ల వెంట

ఉగాండాలోని కిబాలె అడవిలో చింపాంజీలను చూడాలంటే మనిషికి 250 డాలర్ల పర్మిట్ కావాలి. 2024 జులైలో అమల్లోకి వచ్చిన ధర ఇది. అంత డబ్బు కట్టినా వాటి దగ్గర ఉండనిచ్చేది ఒక్క గంట. నేరేడుచర్ల, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు నుంచి పిల్లలు దేశదేశాలకు వెళ్లి సంపాదిస్తున్న రోజులివి. సెలవులకు ఆఫ్రికా అడవులు చూడాలని ఆశపడేవాళ్లు ఇక్కడా ఉంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. విమానం టికెట్టు కంటే ముందు, అడవిలో మన ముందు నడిచే మనిషి గురించి ఆలోచించండి. ఆ గంటను మనకు సంపాదించి పెట్టేది అతనే. అలాంటి మనుషులు మనకు సగం రోజు ప్రయాణంలో, నల్లమలలోనే ఉన్నారు. అడవి చూడడం వాళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

మన పొలాలకు సాగర్ ఎడమ కాలువలో వచ్చే నీళ్లు నల్లమల కొండల మధ్య నుంచి దిగివచ్చినవే. అయినా మనలో చాలామందికి ఆ అడవి శ్రీశైలం పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి కనిపించే పచ్చదనం మాత్రమే. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో తెలంగాణ వాటా రాష్ట్ర విభజన తర్వాత అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. నాగర్‌కర్నూల్ జిల్లాతో పాటు నల్లగొండ జిల్లాలోకీ అది పరుచుకొని ఉంది.

అక్కడి పెంటల్లో, అంటే చిన్న గూడేల్లో, బతికే చెంచులు తెలుగు మాట్లాడే అడవి మనుషులు. వేట, తేనె, దుంపలు, పండ్లు వాళ్ల పాత జీవనాధారం. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వాళ్ల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వెలువడింది. అప్పటికి వాళ్ల చేతిలో విల్లంబులు, తవ్వుకోల ఉండేవి. ఇప్పుడు వాళ్లలో కొందరు అటవీశాఖ బేస్‌క్యాంపుల్లో కాపలాదారులు, కొందరు సందర్శకులకు దారి చూపేవాళ్లు. పని మారినా ఆ పనికి ఆధారమైన విద్య ఒకటే, జాడ తీయడం.

ఈ విద్యకు పలక కాలిబాటే. దుమ్ములో పడిన అడుగులో గోళ్ల గుర్తులుంటే సాధారణంగా అది కుక్కజాతి జంతువు. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి మెత్తలు మాత్రమే అచ్చుపడతాయి. మగపులి అడుగు వెడల్పుగా, చదరంగా కనిపిస్తుంది. ఆడపులిది కొంచెం కోలగా ఉంటుంది. ఇంతవరకూ ఏ పుస్తకం చదివినా తెలుస్తుంది. అసలు పనితనం, అడుగు ఎప్పుడు పడిందో చెప్పడంలో ఉంది. అంచు పదునుగా నిలిచి ఉంటే కొత్తది. గాలి తగిలేకొద్దీ అంచు రాలి గుండ్రబడుతుంది. రాత్రి మంచు బొట్లు పడి దుమ్ము గుంటలు గుంటలుగా అయిందనుకోండి, ఆ గుంటల మీద అడుగు పడితే జంతువు తెల్లవారాక నడిచింది. గుంటలే అడుగు మీద ఉంటే రాత్రే వెళ్లిపోయింది. అడుగులో పురుగు పాకిన గీత ఉన్నా, ఆకు రాలి ఉన్నా, అదంతా కాలాన్ని లెక్కగట్టడానికే పనికొస్తుంది.

కంటితో సమానంగా చెవి పని చేయాలి. దుప్పి చిన్న అలికిడికే బెదిరి అరుస్తుంది. చెట్టు చిటారున కూర్చున్న కొండముచ్చుకు కింద పొదలో కదిలేది తెలుస్తుంది కాబట్టి దాని దగ్గు లాంటి అరుపుకు విలువ ఎక్కువ. కణుజు, అంటే సాంబర్, ఊరికే అరవదు. అది ఆగి ఆగి గట్టిగా అరిచిందంటే పెద్దపులో చిరుతో దాని కంటబడినట్టే చాలాసార్లు. ఏ అరుపు ఎటునుంచి మొదలై ఎటు జరుగుతున్నదో వింటూ పోతే, కనిపించని జంతువు నడక మనసులో గీసుకోవచ్చు. ఇక పేడ, వెంట్రుక, వాసన, చెట్టు బెరడు మీద గోళ్ల గాట్లు కూడా జాడలే. చెదపుట్ట పగలగొట్టి ఉంటే ఎలుగుబంటి వచ్చి పోయింది. తొలకరి వేళ దాని పేడలో నేరేడు గింజలు కనిపిస్తే, ఏ చెట్టు కింద వెతకాలో తెలిసిపోతుంది.

చెదపుట్ట అంటే చింపాంజీ కథలోనూ అది గొప్ప మలుపు. టాంజానియాలోని గోంబెలో చింపాంజీల పరిశోధకురాలు జేన్ గుడాల్ 1960 జులైలో అడుగుపెట్టింది. ఆమెను చూసి పారిపోకుండా నిలిచిన మొదటి చింపాంజీకి డేవిడ్ గ్రేబియర్డ్ అని పేరు పెట్టింది. అదే సంవత్సరం అది గడ్డిపరకను పుట్టలోకి దోపి, చెదలు పట్టుకోగానే లాగి తినడం చూసింది. పనిముట్టు తయారుచేసి వాడేది మనిషొక్కడే అన్న నమ్మకం అక్కడితో పోయింది. ఆ చూపుకు మూలం నెలల తరబడి ఓపికగా కూర్చోవడం.

ఈరోజు కిబాలెలో మనం ఒక్క ఉదయంలో చింపాంజీని చూడగలుగుతున్నామంటే అంతకుముందు ఎవరో ఏళ్ల తరబడి రోజూ ఆ గుంపు వెంట నడిచి, మనిషి వల్ల భయం లేదని వాటికి నమ్మకం కలిగించారు. చింపాంజీలు ప్రతి సాయంత్రం చెట్టుమీద కొమ్మలు వంచి కొత్త పడక కట్టుకుంటాయి. జాడ తీసే ట్రాకర్లు ఆ పడకలు ఎక్కడున్నాయో చూసి పెట్టుకుని, తెల్లవారేసరికి అక్కడికి చేరతారు. అవి లేచిపోతే పండిన మేడి జాతి చెట్లు ఏవో గుర్తుచేసుకుంటారు. నమిలి ఉమ్మిన పిప్పి తడిగా ఉందా ఎండిందా చూస్తారు. దూరంగా హూ హూ అంటూ పెరిగే కేకలు, చెట్టు మొదట్లో గోడల్లా లేచిన వేళ్లను కాళ్లతో చేతులతో బాదే చప్పుడు వింటారు. నల్లమలలోని మన్ననూరు చెంచును అక్కడికి తీసుకెళ్తే చెట్ల పేర్లు తెలియకపోవచ్చు గానీ పని మాత్రం కొత్తగా అనిపించదు.

ప్రయాణం ఏర్పాట్లు కష్టం కాదు, క్రమం తప్పకూడదు. ఉగాండాకు ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది కాబట్టి ముందే వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి విడిగా ఉంచేస్తారు. ముంబై నుంచి ఎంటెబికి ఉగాండా ఎయిర్‌లైన్స్ 2023 అక్టోబరులో నేరుగా విమానం మొదలుపెట్టింది. జూన్–ఆగస్టు, డిసెంబరు–ఫిబ్రవరి వానలు తగ్గే కాలాలు. పర్మిట్ దొరికాకే టికెట్టు కొనండి.

జలుబు ఉంటే మాత్రం వెళ్లకండి. ఇది మర్యాద కోసం చెప్తున్నది కాదు. 2013లో కిబాలెలోని కన్యవర గుంపులో 56 చింపాంజీలుంటే, మనుషుల్లో మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్ సి సోకి అయిదు చనిపోయాయి. మాస్కు, దూరం, గంట నియమం, చిన్న జట్లు అన్నీ ఇందుకే. లక్షలు ఖర్చుపెట్టి వెళ్లినవాళ్లకు తుమ్ము దాచుకోవాలనిపిస్తుంది. దాచవద్దు.

ఉగాండాలోనే ఉన్న బుడొంగో ఫారెస్ట్ రిజర్వు గురించి చదివినప్పుడు నన్ను బాధపెట్టింది ఉచ్చుల సంగతి. చిన్న జింకలకు, అడవిపందులకు పెట్టిన తీగ ఉచ్చుల్లో పడి అక్కడి చింపాంజీలు చేతులు, పాదాలు పోగొట్టుకుంటాయి. ఆకుల కింద తీగ ఎక్కడుందో కనిపెట్టి తీసేయడానికి జాడ తెలిసిన కళ్లే కావాలి. మన అమ్రాబాద్‌లోనూ అంతే. ఉచ్చు పెట్టేవాడు జంతువు నడిచే దారి చూసే పెడతాడు. ఆ దారి అంతకంటే బాగా తెలిసినవాడే దాన్ని తీయగలడు.

దేశమంతా ఒకప్పుడు అడుగుల అచ్చులతోనే పులులను లెక్కపెట్టేవారు. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యంలో ఒక్క పులి కూడా మిగల్లేదని తేలాక ఆ పద్ధతి పోయి కెమెరాలు వచ్చాయి. అది సరైన నిర్ణయమే. అచ్చు చూసి ఇక్కడ పులి నడిచిందని చెప్పడం వేరు, అచ్చులన్నీ కలిపి రాష్ట్రంలో ఇన్ని ఉన్నాయని లెక్క తేల్చడం వేరు. కానీ ఏ మలుపులో, ఏ నీటిగుంట దారిలో కెమెరా కట్టాలో కెమెరాకు తెలియదు. అది చెప్పే మనిషి అవసరం అలాగే ఉంది.

పులికి చోటివ్వాలని లోపలి పెంటల్లోని కుటుంబాలను బయటికి పంపే పథకం నడుస్తున్నది. కుటుంబానికి 15 లక్షల పరిహారం గానీ, భూమీ ఇల్లూ గానీ ఇస్తామంటారు. ఇష్టపడి వెళ్లేవాళ్లను ఆపే హక్కు నాకు లేదు. పిల్లల చదువు, ఆసుపత్రి వాళ్లకూ కావాలి. అయితే ఈ విద్యకు బడి అడవే. తండ్రి వెనక నడవని పిల్లవాడికి దాన్ని ఎవరూ తరగతి గదిలో నేర్పలేరు. ఒక తరం రోడ్డు పక్క కాలనీలో పెరిగితే బేస్‌క్యాంపుకు రేపటి కాపలాదారు ఎక్కడినుంచి వస్తాడు? 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో ఉండే హక్కును గుర్తించింది. ఆ హక్కు ఇవ్వడంతో పాటు, ఈ చూపుకు నెలజీతమూ ఉద్యోగ భద్రతా ఇవ్వాలని నేను గట్టిగా అనుకుంటాను.

అమ్రాబాద్ వెళ్లేవాళ్లకు దారి సులువే. మిర్యాలగూడ, హాలియా మీదుగా దేవరకొండ, అక్కడినుంచి డిండి దగ్గర శ్రీశైలం రోడ్డెక్కితే మన్ననూరు. వానాకాలంలో జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఉండదు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు అడవి రోడ్డు మూసేస్తారు, కాబట్టి చీకటి పడకముందే చేరండి. ఎండాకాలం మొదట్లో ఆకు రాలి చూపు దూరం పోతుంది, జంతువులు నీటిగుంటల దగ్గరికి వస్తాయి. మెరిసే రంగుల బట్టలు, సెంటు వద్దు. బుక్ చేసేటప్పుడే చెంచు గైడ్ కావాలని అడగండి. పులిని చూపించమని అతన్ని తొందరపెట్టకండి, ఈ బాటలో నిన్న రాత్రి ఎవరెవరు నడిచారో చెప్పమనండి.