రాణి, ఆరు, నాలుగు

మూడు ముక్కల పోకర్‌లో నేర్చుకోవలసిన విద్యంతా అగ్గిపెట్టె వెనక రాసుకోవచ్చు. రాణి, ఆరు, నాలుగు. చేతికొచ్చిన ముక్కలు దీనికి సమానమో, పైనో అయితే ఆడాలి. కిందవైతే ప్యాక్ చెప్పి తప్పుకోవాలి. రాణి, ఆరు, మూడు వచ్చిందా, ప్యాక్. రాణి, ఏడు, రెండు వచ్చిందా, ఆట. లెక్కలవాళ్లు కంప్యూటర్లు పెట్టి తేల్చిన సంగతి ఇది. దీనికి మించి బుర్ర బద్దలు కొట్టుకునేదేమీ లేదు. ఇది తెలిసేసరికి నాకు నాలుగు వేల పైచిలుకు వదిలింది. అది వేరే కథ అందామనుకున్నాను గానీ, అదే కథ.

నాకు మన మూడు ముక్కలాట, ఫ్లష్, నేర్పింది వైజాగ్ ఓడ. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టిన తెలుగువాళ్లకు (ఊరిని శ్రీ విజయపురం అనాలని 2024 నుంచి చెబుతున్నారు, నా నోటికింకా అలవాటు పడలేదు) ఆ ఓడ అమ్మమ్మగారి ఊరి బస్సులాంటిది. కాకపోతే బస్సు గంటకొకటి వస్తుంది, ఇది నెలకొక్కసారి. హాడో జెట్టీలో ఎక్కితే దగ్గర దగ్గర రెండున్నర రోజులు నీళ్లమీదే. మొదటి పూట వాంతులు, రెండో పూట నిద్ర. ఆ తర్వాత చెయ్యడానికి పనేమీ ఉండదు. బంక్ క్లాసులో ఎవరో ఒకరు దుప్పటి పరుస్తారు.

ఆ దుప్పటి పరిచేది చాలాసార్లు మా మామయ్యే. శ్రీకాకుళం పక్క నుంచి చేపలవేటకని వచ్చి జంగ్లీఘాట్‌లో పాతుకుపోయిన మనిషి. సముద్రపు గాలికి పేక చెమ్మగిల్లి ముక్కకు ముక్క అతుక్కుంటుందని, అత్తయ్య పౌడరు డబ్బా అడిగి పుచ్చుకుని, ముక్కలమీద చిటికెడు చల్లి, రెండరచేతులతో రుద్ది, అప్పుడు కలిపేవాడు. ఇప్పటికీ ఆ పౌడరు వాసన తగిలితే నాకు దేవుడి గది గుర్తురాదు, ఇస్పేటు ఆసు గుర్తొస్తుంది. ఓడ ఒరిగినప్పుడల్లా బూటు, అంటే ఆటకు ముందు అందరూ వేసే పందెం, చిల్లర దొర్లిపోకుండా దానిమీద స్టీలు గ్లాసు బోర్లించేవాళ్లు. పందెం వెయ్యాలంటే గ్లాసెత్తి, పైస పెట్టి, మళ్లీ బోర్లించాలి.

నాకు పన్నెండేళ్లప్పుడు మామయ్య పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మొదటి పాఠం ఇది. "ఒరే అల్లుడా, ముక్కల్ని కాదురా, ముకాల్ని సూడు."

రంగత్ నుంచి వచ్చే వడ్రంగి ఒకాయన ఉండేవాడు. ఎప్పుడూ కుడికాలు ఊపుతూ ఆడేవాడు. మంచి ముక్కలు పడ్డాయంటే కాలు ఆగిపోయేది. ఆ సంగతి ఆయనకు తప్ప దుప్పటి చుట్టూ కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. ఒక ప్రయాణంలో ఆ కాలు ఆగింది. అందరూ వరసగా ప్యాక్ చెప్పేశారు. ఆయన ముక్కలు తిప్పి చూపిస్తే కళావరు తొమ్మిది, ఐదు, డైమన్ రెండు. కాలు తిమ్మిరెక్కిందట! ఆ రాత్రంతా నవ్వుతూనే ఉన్నాం. కన్యాశుల్కంలో మధురవాణి ఇంట పేకాట చదివినవాళ్లకు తెలుసు, అక్కడ ముక్కలకన్నా మాటలే ఎక్కువ పడతాయి. మా ఓడలోనూ అంతే. ఎవరి పిల్లకు సంబంధం కుదిరింది, ఎవరి పడవ ఇంజను చెడింది, అన్నీ ఆ గ్లాసు చుట్టూనే తేలేవి.

ఓడలో పరిచిన దుప్పటి నా మొదటి టేబుల్. ఇక రెండో టేబుల్ సంగతి.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబులు మా దీవులకు అందింది. దాదాపు 2,300 కిలోమీటర్ల తీగ. అంతకుముందు మాకు ఇంటర్నెట్ ఉపగ్రహం దయ. ఒక పాట వినాలంటే సాయంత్రం నొక్కి, అన్నం తిని రావాలి. వీడియో కాల్‌లో మనవడి మొహం గళ్లుగళ్లుగా విడిపోయి, అతుక్కునేలోపు వాడు నిద్రపోయేవాడు. అలాంటి చోటికి ఒక్కసారిగా ధార వచ్చింది. పిల్లల పాఠాలు, డాక్టరు సలహాలు వచ్చాయి. వాటి వెనకే పేకముక్కలూ వచ్చాయి. ఆ తీగ లేకపోతే లైవ్ క్యాసినో, అంటే కెమెరా ముందు మనిషి ముక్కలు పంచుతుంటే ఫోన్లో ఆడే ఆట, మా ఊళ్లో బతికేదే కాదు. పందెం వెయ్యడానికిచ్చే పది పదిహేను సెకన్లలో బొమ్మ ఒక్కసారి ఆగిందంటే ఆట పోయినట్టే.

2021 డిసెంబరు. ఇక్కడ మా గడియారం ఢిల్లీది, సూర్యుడు మాత్రం దాదాపు బర్మావాడు. శీతాకాలం ఐదు దాటగానే చీకటి పడిపోతుంది. ఆరింటికి అన్నం తినేస్తే మిగిలిన రాత్రిని ఏం చేసుకోవాలో తోచదు. అలాంటి ఒక సాయంత్రం ఫోన్లో మూడు ముక్కల పోకర్ టేబుల్ ఒకదాని దగ్గర కూర్చున్నాను. ఏ కంపెనీదో చెప్పను, అందరివీ ఒకేలా ఉంటాయి. మెరిసే గది, నల్ల గౌను వేసుకున్న అమ్మాయి, అద్దంలా నున్నగా దిద్దిన గోళ్లు. ముక్క తీసి టేబుల్ మీద పెట్టగానే అదేమిటో యంత్రం చదివేసి తెరమీద రాసేస్తుంది. మనం టైపు చేస్తే ఆమె చదివి నోటితో జవాబిస్తుంది. అండమాన్ నుంచి అన్నాను. "మీకు వెచ్చగా ఉంటుందేమో, మాకిక్కడ మంచు" అంది. ఇలాంటి స్టూడియోలు లాట్వియా రాజధాని రీగాలో, మాల్టాలో ఎక్కువ. మంచంటోంది కాబట్టి రీగా అయ్యుంటుందనుకున్నాను. అక్కడా డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు కాకుండానే పొద్దు వాలుతుంది. చీకటికి చీకటి తోడు.

ఆట పద్ధతి చెబుతాను. ముందు బూటులాంటి పందెం ఒకటి పెట్టాలి. ముక్కలు చూశాక ప్యాక్ చెప్పొచ్చు, లేదా అంతే మొత్తం మళ్లీ పెట్టి నిలబడొచ్చు. డీలరుకు కనీసం రాణి పడకపోతే ఆమె ఆట చెల్లదు. మన బూటుకు బూటు ఇచ్చి, రెండో పందెం తిరిగిచ్చేస్తారు. పక్కన ఇంకో గడి ఉంటుంది, జతో ఆపైనో వస్తే డబ్బులిచ్చేది. దానికి డీలరు ముక్కలతో సంబంధం లేదు. 1994లో డెరెక్ వెబ్ అనే ఇంగ్లీషాయన దీన్ని కనిపెట్టాడు. వాళ్ల ఊళ్లలో ఆడే బ్రాగ్ అనే మూడు ముక్కలాటే దీనికి మూలం. మన ఫ్లష్ కూడా ఆ బ్రాగ్ నుంచే పుట్టిందంటారు. చుట్టమే, కానీ ఇంటి పద్ధతులు వేరు. మనకు మూడు ఆసులు పడితే ఇక పైన దేవుడే. అక్కడ ఒకే రంగులో వరస పడితే అది మూడు ఆసులనూ కొట్టేస్తుంది. మామయ్యతో చెబితే మండిపడ్డాడు. కానీ లెక్క వెబ్ వైపే ఉంది. 52 ముక్కల్లోంచి మూడు తీస్తే 22,100 రకాల చేతులు వస్తాయి. మూడూ ఒకేలా ఉన్నవి వాటిలో 52, ఒకే రంగు వరసలు 48. అరుదైనదే గొప్పదనుకుంటే మన పెద్దలు నాలుగు చేతుల తేడాతో పొరబడ్డారు.

ఒకరోజు మామయ్య నా భుజం మీంచి తొంగి చూశాడు. అప్పటికాయనకు కంటి ఆపరేషనై నెల కూడా కాలేదు.

"ఈ గుంటేటి, తన ముక్కలు తను సూసుకోదేటి?"

"అందరం ఒకేసారి చూస్తాం మామా. ముందు నావి పరుస్తుంది, తర్వాత తనవి తిప్పుతుంది."

"నువ్వు ముక్కలు సూడకుండా బ్లైండెడితే బయపడతాదేటి?"

"భయపడదు. రాణి పడితే ఆడినట్టు, లేకపోతే లేనట్టు. ఆమె చేతిలో ఏమీ లేదు."

కాసేపు చూశాడు. "నీవన్న ముక్కలు నీకొక్కడికేనా?"

అక్కడే నాకు మాట పడిపోయింది. నేను కూర్చున్న ఆ టేబుల్‌లో ఆడేవాళ్లెందరున్నా పంచేది ఒక్కటే చెయ్యి. నా ముక్కలే ఇంకా ఎక్కడెక్కడివాళ్లవో ముక్కలు. అవి బోర్లా ఉండవు, పడటమే వెల్లకిలా పడతాయి. దాచుకోవడానికేమీ లేదు, దాచినా ఎదుటిమనిషికి పట్టదు.

"మరి నువ్వెవలతో ఆడతన్నావురా?" అని లేచి వెళ్లిపోయాడు.

టేబుల్ దగ్గర డ్యూటీ మారేటప్పుడు ఆ అమ్మాయి లేచి, రెండు చేతులూ కెమెరాకేసి ఇటు తిప్పి అటు తిప్పి చూపించి వెళ్తుంది. ఏమీ దాచలేదని. మొదటిసారి చూసినప్పుడు ముచ్చటేసింది. పదోసారి చూసేసరికి, ఇంత నిజాయితీగా చేతులు దులిపి చూపించే చోట మూడు ముక్కలాటేమిటనిపించింది. ఈ ఆటకు ప్రాణమే దాపరికం.

సుప్రీంకోర్టు మాత్రం దీన్ని ఆటగా కూడా పెద్దగా గౌరవించలేదు. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు పడ్డారు. అక్కడ ఆడుతున్నది రమ్మీ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె.సత్యనారాయణకీ మధ్య నడిచిన ఆ కేసులో 1967 నవంబరులో తీర్పు చెబుతూ జస్టిస్ హిదయతుల్లా రమ్మీకి నేర్పు కావాలన్నారు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి అని. ఫ్లష్ అనీ బ్రాగ్ అనీ పిలిచే మూడు ముక్కలాట మాత్రం ఒట్టి అదృష్టమేనని పక్కన పెట్టేశారు. ఆ వాక్యం దగ్గర నాకు పేచీ ఉంది. ఆయనెప్పుడూ మా వైజాగ్ ఓడ ఎక్కి ఉండరు. రంగత్ వడ్రంగి కాలు కనిపెట్టడం అదృష్టమెలా అవుతుంది? కానీ ఆ మాట ఫోన్లోని టేబుల్‌కు అక్షరాలా సరిపోతుంది. అగ్గిపెట్టె వెనక పట్టే ఆ నేర్పు తీసేస్తే మిగిలేది ఒట్టి అదృష్టమే. ఆ అదృష్టం కూడా కొద్దిగా ఒకవైపు ఒరిగి ఉంటుంది.

ఎంత ఒరిగిందో చూద్దాం. అన్నీ సరిగ్గా ఆడినా బూటు మీద నూటికి 3 రూపాయల 37 పైసలు ఆట నడిపేవాడికి పోతాయి. పక్క గడి సంగతి ఇంకా తమాషా. కలర్, అంటే మూడూ ఒకే రంగువి, పడితే రూపాయికి నాలుగిచ్చే టేబుళ్లున్నాయి, మూడిచ్చేవీ ఉన్నాయి. నాలుగిస్తే పోయేది నూటికి 2 రూపాయల 32 పైసలు. మూడిస్తే 7 రూపాయల 28 పైసలు. ఒక్క అంకె తేడా. నాది మూడిచ్చే టేబులని పదో రాత్రి నియమాల పేజీ చదివితే తెలిసింది. చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడకుండా కొనని మనిషిని నేను!

అటు 50, ఇటు 50 పెట్టేవాణ్ణి. అంటే ఆటకు ఐదు రూపాయల ముప్పై మూడు పైసలు ఖర్చు. గంటకు నలభై ఆటల చొప్పున, రోజుకు రెండు గంటలు, పది రాత్రులు. లెక్క ప్రకారం 4,260 పోవాలి, నాకు 4,230 పోయింది. ఇంత దగ్గరగా కుదరడం కాకతాళీయమే. ఎనిమిది వందల ఆటల్లో అటో ఇటో వేలల్లో ఊగొచ్చు. నా వాటాకొచ్చిన అదృష్టం ఆ ముప్పై రూపాయలన్నమాట.

డబ్బుకన్నా నన్ను కుదిపింది గంటకు నలభై అన్న అంకె. ఓడలో ప్యాక్ చెబితే లేచేవాళ్లం. టీ తెచ్చుకునేవాళ్లం, రెయిలింగ్ దగ్గర నిలబడి ఎగిరే చేపలు చూసేవాళ్లం, తిరిగొచ్చేసరికి ఆ చెయ్యి ఇంకా సాగుతూనే ఉండేది. ప్యాక్ చెప్పడంలో ఒక తీరుబడి ఉండేది. ఫోన్లో ప్యాక్ నొక్కితే అర నిమిషంలో కొత్త ముక్కలు. వదిలేసిన చేతిని గురించి ఒక్క నిట్టూర్పు విడిచే వ్యవధి కూడా ఇవ్వరు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆపేశాయి. మా దీవులకు ఆ చట్టాలు అందవు. చివరికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం పడిన కేంద్ర చట్టం దేశమంతటికీ ఒకటే మాట చెప్పింది. నేర్పయినా, అదృష్టమైనా, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆట నిర్వహించకూడదు. విదేశం నుంచి నడిపినా సరే. ఆడించినవాడికి మూడేళ్లదాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడినవాణ్ణి మాత్రం నేరస్తుడనలేదు. రమ్మీకీ మూడు ముక్కలకీ మధ్య సికింద్రాబాద్ కేసు గీసిన గీత ఫోన్లో అలా చెరిగిపోయింది.

మొన్న సంక్రాంతికి మళ్లీ ఓడెక్కాం. మామయ్యకు ఇప్పుడు ఎనభై దాటాయి. దుప్పటి నేనే పరిచాను. డబ్బు వద్దని అత్తయ్య ఒట్టు పెట్టించుకుంది కనుక బూటు పల్లీలు. స్టీలు గ్లాసు మాత్రం ఉంది. మామయ్య మనవడు, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, ఆట ఫోన్లో నేర్చుకున్నవాడు, మాతో కూర్చున్నాడు. ముక్కలు పంచగానే చూసేసుకున్నాడు. మామయ్య చూడలేదు. ఒక పల్లీ పెట్టాడు. చూసినవాడు రెట్టింపు పెట్టాలి కనుక కుర్రాడు రెండు పెట్టాడు. నేను ప్యాక్ చెప్పి టీ గ్లాసు అందుకున్నాను. మామయ్య ఇంకో పల్లీ. కుర్రాడు ఇంకో రెండు. మామయ్య తన ముక్కలకేసి చూడట్లేదు, కుర్రాడి చెవులకేసి చూస్తున్నాడు. ఎర్రబడుతున్నాయవి.

"తాతా, నువ్వు చూసుకోవా?"

"నాకెందుకురా, నువ్వు సూసినావు కదా."

ఇంకో పల్లీ. కుర్రాడు తన ముక్కలు మళ్లీ ఎత్తి చూశాడు. రెండు పల్లీలు వేళ్లమధ్య తిప్పాడు, గ్లాసుదాకా తెచ్చాడు, వెనక్కి తీసుకున్నాడు. ప్యాక్ చెప్పి ముక్కలు తిప్పేశాడు. ఎనిమిదుల జత, పక్కన ఆఠీను రాజు.

"నీకేం పడ్డాయి తాతా?"

మామయ్య పల్లీలన్నీ ఒడిలోకి లాక్కుని, తన మూడు ముక్కలనూ బోర్లాగానే పేకలో దూర్చి, కొంచెం పౌడరు వేసి కలపడం మొదలుపెట్టాడు.