ఆ కితాబ్‌ల మన కాగితాల సంగతి ఉన్నదా?

2019 డిసెంబర్. పౌరసత్వ సవరణ చట్టం పార్లమెంటు దాటిన మూడో రోజో, నాలుగో రోజో. మూసాపేటలో మేముండే రెండు గదుల కిరాయి ఇంట్లో అమ్మీ ఇనప సందూక బయటికి లాగి, అందులోని కాగితాలన్నీ చాప మీద పరిచింది. అబ్బా రేషన్ కార్డు, ఎప్పుడో మూతబడ్డ కార్ఖానా గేటు పాసు, నా బడి బోనఫైడు, ఊళ్లో ఇంటి పన్ను రసీదులు. ఒక్కో కాగితంలో అబ్బా పేరు ఒక్కో తీరుగా ఉంది. ఒకదాంట్లో షేక్ మహబూబ్, ఇంకోదాంట్లో ఎస్.కె. మైబు, మరోదాంట్లో ఒట్టి మైబు సాయిబు. పంతులూ, పంచాయతీ గుమాస్తా, ఫ్యాక్టరీ క్లర్కూ ఎవరి చెవికి ఎట్లా వినబడితే అట్లా రాసుకున్నారు. ఆ రోజుల్లో మేం దాన్ని పట్టించుకోలేదు. సాయిబుల పేర్లు తప్పుగా రాయడం ఈ దేశంలో తప్పు కిందికి రాదు కదా.

నేను గోడకానుకుని చదువుకుంటున్నాను. అమ్మీ అడిగింది: "ఏం కితాబ్ బేటా అది? అండ్ల మన కాగితాల సంగతి ఉన్నదా?"

ఉంది. నిజంగానే ఉంది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ఆ పాత పుస్తకం హన్నా ఆరెంట్ 1951లో వెలువరించిన 'ది ఆరిజిన్స్ ఆఫ్ టోటలిటేరియనిజం'. ఆమె యూదురాలు. 1933లో జర్మనీ వదిలి పారిపోయింది. 1940లో ఫ్రాన్సులో గుర్స్ శిబిరంలో నిర్బంధంలో ఉంది. 1941లో న్యూయార్క్ చేరింది. అక్కడ పౌరసత్వం దొరికేనాటికి 1951 వచ్చింది. ఈ పుస్తకంలో ఒక అధ్యాయం అచ్చంగా కాగితాలు లేనివాళ్ల గురించే.

ఆమె వాదం సూటిగా ఉంటుంది. మనిషి పుట్టుకతోనే హక్కులు వస్తాయని 1789లో ఫ్రెంచివాళ్లు ప్రకటించారు. మంచిమాటే. కానీ ఒక రాజ్యం ఒకణ్ని 'నువ్వు మావాడివి కాదు' అన్న రోజున, వాడి దగ్గర మనిషితనం తప్ప ఇంకేమీ మిగలని ఆ రోజున, ఆ పుట్టుక హక్కులు వాణ్ని కాపాడలేదు. అందుకే అన్ని హక్కులకన్నా ముందు హక్కులు కలిగివుండే హక్కు ఒకటి కావాలంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో రాసుకున్న మైనారిటీ ఒప్పందాల మీద ఆమె విమర్శ ఇంకా పదునైంది. రక్షణ ఇస్తున్నామంటూనే ఆ ఒప్పందాలు దేశం ఒక జాతిదనీ, మిగతావాళ్లు మినహాయింపులనీ తేల్చేశాయి. 2019 ఆగస్టు 31న అస్సాం తుది జాబితాలో పేర్లు లేకుండా పోయిన 19 లక్షల పైచిలుకు మందిని తలుచుకుంటూ ఆ పేజీలు మళ్లీ చదివాను.

ఇక్కడ ఒక మాట. మా బస్తీని బెర్లిన్‌తో పోల్చి గుండెలు బాదుకోవడం నాకు ఇష్టం లేదు. అస్సాం జాబితాలో పేరు దక్కనివాళ్లలో హిందువులూ చాలామంది ఉన్నారు. పోలికలు తేలిక, ఆలోచన కష్టం. ఆరెంట్ నాకు పనికొచ్చింది పోలిక కోసం కాదు, అమ్మీ చాప మీద పరిచిన భయానికి ఒక పేరు పెట్టినందుకు.

డిగ్రీలో మాకు రాజనీతి శాస్త్రం ఉండేది. జాన్ స్టూవర్ట్ మిల్ 'మెజారిటీ నిరంకుశత్వం' పది మార్కుల ప్రశ్న. గైడు చూసి బట్టీ పట్టాం. మిల్ ముప్పయి అయిదేళ్లు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్నాడని గాని, 1859 నాటి 'ఆన్ లిబర్టీ'లోనే ఆ స్వేచ్ఛ అనాగరిక జాతులకు వర్తించదని మినహాయించాడని గాని ఏ మాస్టారూ చెప్పలేదు. స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసిన చెయ్యే ఇండియాను ఏలే కంపెనీ ఉత్తరాలూ రాసింది. అయినా మిల్‌ను విసిరేయమని అనను. సమాజం చట్టం లేకుండానే మనిషి గొంతు నొక్కగలదన్న సంగతి ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ పాఠం అర్థమైంది మాత్రం కాలేజీలో కాదు, కిరాయి ఇల్లు వెతికేటప్పుడు.

మూసా మా పైగంబర్లలో ఒకరి పేరు. పేటకు ఆ పేరుంది. ఆ పేటలోనే టులెట్ బోర్డు చూసి గేటు తట్టి, పేరు చెప్పగానే 'ఇప్పుడే ఎవరికో ఇచ్చేశాం' అన్న జవాబు విన్నాను. ఒకటి కాదు, నాలుగిళ్లు. ఇప్పుడు మెట్రో పిల్లర్ల నీడలో హైటెక్ సిటీ ఉద్యోగాల పిల్లలకు హాస్టళ్లు వెలిశాయి. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లల్లో మావాళ్లకూ ఈ జవాబు తెలుసు. ఆ నాలుగిళ్ల వాళ్లు నాలుగు పార్టీల వాళ్లు. ఒకాయన ఎర్రజెండా సానుభూతిపరుడు కూడా. ఎన్నికల్లో ఒకరికొకరు పడరు. గేటు దగ్గర మాత్రం అందరిదీ ఒకే మాట.

దీన్ని మిల్ వివరించలేడు. ఆయన ఎరిగిన మెజారిటీ ఇవాళ ఒకటైతే రేపు ఇంకొకటి. దీన్ని వివరించింది అంబేద్కర్. రాజకీయ మెజారిటీ వేరు, మత మెజారిటీ వేరు అని 1945లో, 1947లో ఆయన పదేపదే రాశారు. మొదటిది అభిప్రాయాల మీద తయారవుతుంది, మారుతుంది, దాంట్లోకి ఎవరైనా పోవచ్చు. రెండోది పుట్టుకతో వస్తుంది, తలుపు మూసే ఉంటుంది. ఈ రెండోది మొదటిదాని వేషం వేసుకుని ఓట్ల లెక్క చూపించడమే మన ప్రజాస్వామ్యపు రోగం. 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ, మైనారిటీల పట్ల వివక్ష చూపకపోవడం మెజారిటీ బాధ్యత అని, మైనారిటీలు మైనారిటీలుగా మిగలాలా వద్దా అన్నది ఆ నడవడి మీదే ఆధారపడుతుందని చెప్పారు.

ఆ తేదీ చూడండి. హైదరాబాద్ మీద పోలీస్ యాక్షన్ ముగిసింది సెప్టెంబర్ 17న. మధ్యలో నలభై ఎనిమిది రోజులు. ఆ రోజుల్లో, ఆ తర్వాతి రోజుల్లో ఈ సంస్థానపు పల్లెల్లో ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి రాసింది. తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయి ఉంటారని దాని అంచనా. ఆ నివేదిక జనం చదవడానికి దొరికింది 2013లో. అరవై అయిదేళ్లు! లౌకికవాద మిత్రులను ఒకటి అడగాలి. రజాకార్ల దుర్మార్గం గురించి మీరు రాశారు, రాయాల్సిందే. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చంపింది కూడా ఆ మూకే. కానీ మీ చరిత్ర పుస్తకాలు సెప్టెంబర్ 17 దగ్గరికి రాగానే ఎందుకు అంత తొందరగా పేజీ తిప్పుతాయి?

అంబేద్కర్‌ను మేం చదివితే మావాళ్లే కొందరు నొచ్చుకుంటారు. పాకిస్తాన్ మీద ఆయన రాసిన పుస్తకంలో ముస్లింల గురించి కటువైన మాటలున్నాయి. కొన్నిచోట్ల ఆయన మొత్తం సమాజాన్ని ఒకే గాటన కట్టారనే నా అభిప్రాయం కూడా. అయితే అదే పుస్తకం హిందూ రాజ్యం వస్తే దేశానికి అంతకు మించిన ఆపద లేదని హెచ్చరిస్తుంది. మనలోనూ కులం ఉందని, అష్రాఫ్‌లు, అర్జాల్‌లు ఉన్నారని చెబుతుంది. దూదేకుల ఇంటి పిల్లకు సయ్యద్‌ల ఇంట్లో సంబంధం అడిగి చూడండి, ఆ కటువు మాట ఎంత నిజమో తెలుస్తుంది.

'మీ పుస్తకాలు మీకు లేవా?' అని అడిగారు ఒకరు. ఉన్నాయి. ఉస్మానియాలో చరిత్ర, రాజనీతి బోధించిన హరూన్ ఖాన్ షేర్వానీ 1940లలో ముస్లిం రాజనీతి చింతన మీద ఇంగ్లీషులో మంచి పుస్తకం తెచ్చారు. ఫారాబీ, మావర్దీ, గజాలీ, 'సియాసత్‌నామా' రాసిన నిజాముల్ ముల్క్ తూసీ అందులో వస్తారు. 1917లో పెట్టిన ఉస్మానియా తర్జుమా శాఖ యూరప్ శాస్త్రాలను ఉర్దూలోకి దించింది. కానీ నాకు ఉర్దూ నోట్లో ఉంది గాని కంట్లో లేదు. తెలుగు మీడియం సాయిబును. షేర్వానీని ఇంగ్లీషులో చదివాక ఇంకో చిక్కు ఎదురైంది. ఆయన చెప్పినవాళ్లలో ఎక్కువమంది సుల్తాన్లకు సలహా చెప్పేవాళ్లు. ప్రజలను ఎట్లా ఏలాలో రాశారు. మా తాత ఎడ్లకు నాడాలు కొట్టేవాడు. ఆయన ఎవర్నీ ఏలలేదు. 'ఏడొందల ఏండ్లు ఏలారు కదా' అని మమ్మల్ని తిట్టేవాళ్లకూ, 'ఏలినవాళ్లం' అని మీసం తిప్పే మా పెద్దలకూ ఆ నాడాల చప్పుడు వినబడదు. ఇక్కడ ఒక మినహాయింపు మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ. మతం వేరైనా ఒక దేశంలో ఉన్నవాళ్లు ఒకే ఖౌమ్ అవుతారని 1938లో వాదించి, మదీనా ఒప్పందాన్ని సాక్ష్యం తెచ్చారు. పాలించేవాడిగా కాక పొరుగువాడిగా ఆలోచించిన పుస్తకం అది. దాంట్లోనూ మాట్లాడుకునేది సమాజాల పెద్దలే. సందూక ముందు కూర్చున్న అమ్మీకి అక్కడా చోటు లేదు.

అమ్మీకి ఆరెంట్ కథ నాకు చేతనైనట్టు చెప్పాను. కాగితాలు సర్దుతూ విన్నది. "మరి ఆ బీబీకి కాగితాలు దొరికినయా?" అంది.

"దొరికినయ్ అమ్మీ. ఇల్లిడిచిన పద్దెనిమిదేండ్లకు."

కాసేపు ఆగి, రేషన్ కార్డునూ గేటు పాసునూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఆమె పేరు అన్నిట్ల ఒక్కతీరుగ ఉండెనా?" అని అడిగింది.