వాసన ఎక్కడి నుంచి?

మే నెల మధ్యాహ్నం నల్లగొండలో ఎండకు నిలబెట్టిన కారు ట్యాంకులో పెట్రోలు ఊరికే ఉండదు. పైన 45 డిగ్రీల ఎండ, కింద తారు రోడ్డు సెగ. ట్యాంకులో ఆవిరి పెరుగుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలిలో కలవకుండా ఒక సన్నని పైపు గుండా బొగ్గు నింపిన క్యానిస్టర్‌లోకి పోయి నిలవాలి. ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే ఇంజిన్ దాన్ని లాక్కుని కాల్చేస్తుంది. ఈ దారిలో ఎక్కడో సందు పడితే కారులో పెట్రోలు వాసన.

అమెరికాలో 1990ల చివరి నుంచి వచ్చిన కార్లు ఈ దారిని తమంతట తామే పరీక్షించుకుంటాయి. ఒక మిల్లీమీటరు రంధ్రం పడినా మీటరు మీద లైటు వెలుగుతుంది. మన దగ్గర చాలా కార్లకు ఆ ఏర్పాటు లేదు. పర్జ్ వాల్వ్‌కు కరెంటు అందుతోందా లేదా అన్నంతవరకే కంప్యూటర్ చూస్తుంది. రబ్బరు పగిలినా, క్లిప్పు ఊడినా దానికి పట్టదు. స్కానర్ పెట్టి ‘ఏ కోడూ లేదు, బండి బాగానే ఉంది’ అంటే నమ్మడానికి లేదు. ఇక్కడ పనికొచ్చేది ముక్కు, ఓపిక.

ఈ ఎండాకాలం మా కారులో వెనక కూర్చున్నవాళ్లకు తల తిరగడం మొదలైంది. ఒక చోట చూపిస్తే పెట్రోలు పంపు మొత్తం మార్చాలన్నారు. మనసొప్పక దేవరకొండ రోడ్డులో ఒక పాత షెడ్డుకు తీసుకెళ్లాను. ఆ మెకానిక్ బానెట్ ఎత్తలేదు, పానా పట్టలేదు. ముందు అడిగాడు.

“వాసన ఎప్పుడొస్తది సార్? నడుస్తుంటెనా, ఆపినంకనా? ఫుల్ ట్యాంక్ కొట్టిచ్చినప్పుడేనా, ఎప్పుడూ ఉంటదా?”

పనితనమంతా ఆ ప్రశ్నల్లోనే ఉందని నా నమ్మకం. ఎప్పుడూ ఒకేలా వాసన కొడితే ముందు వెతకాల్సింది ఆవిరిని కాదు, కారుతున్న పెట్రోలును. లైను, ఫిల్టరు, ఇంజెక్టర్ల దగ్గర తడి ఉందేమో చూడాలి. అది నిప్పుతో చెలగాటం. పెట్రోలు పోయించిన వెంటనే బండి సరిగా స్టార్ట్ కాక కొట్టుకుంటుంటే పర్జ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయిందేమో అనుమానించాలి. కరెంటు లేనప్పుడు ఆ వాల్వ్ గుండా గాలి పోకూడదు. వాసన బయట, వెనక చక్రం పక్కన ఉంటే పెట్రోలు మూత రబ్బరు చూడాలి, లేదా క్యానిస్టర్‌కు పోయే పైపు చూడాలి. పొలాల పక్కన బండి నిలిపే ఊళ్లలో ఆ పైపును ఎలుకలు కొరికేస్తాయి.

మాది ఫుల్ ట్యాంక్ ఉన్నప్పుడు, అదీ కారు లోపల. అది వినగానే బండిని షెడ్డులోంచి బయటికి, వేపచెట్టు కిందికి తోయించాడు. లోపల వెల్డింగ్ నడుస్తోంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతూ పోతుంది. తర్వాత బ్యాటరీ తీగ విప్పి, వెనక సీటు ఎత్తాడు. కింద పంపును కప్పే రేకు మూత, దాని మీద వేలి మందం ఎర్రమట్టి. బ్రష్షుతో మట్టంతా ఊడ్చి, గుడ్డతో తుడిచాకే మూత తీశాడు. “ఇది ట్యాంకుల పడితే పంపు పోతది” అన్నాడు.

పంపును బిగించే ప్లాస్టిక్ రింగు చుట్టూ సబ్బునీళ్లు రాసి చూశాడు. ఒక పక్క సన్నగా బుడగలు లేచాయి. రింగు విప్పి కింది రబ్బరును చేతికిచ్చాడు. ఉబ్బి, వదులై, ఒక చోట మెలికపడి ఉంది. పంపు శుభ్రం చేయడానికి ఎప్పుడో ఎవరో విప్పి, మళ్లీ ఆ పాత రబ్బరునే పెట్టి నొక్కేశారు. పెట్రోలులో నానిన రబ్బరు ఒకసారి బయటికొస్తే తన గాడిలో సరిగా కూర్చోదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలను ముందుగా మార్చాల్సి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. పంపు మార్చాలన్న జబ్బు కొత్త రబ్బరు వాషరుతో కుదిరింది.

పెద్ద గ్యారేజీల్లో స్మోక్ మెషీన్ ఉంటుంది. పొగ పంపితే సందు తానే కనిపిస్తుంది. మంచి పద్ధతే, కానీ ఒత్తిడి చాలా తక్కువ ఉండాలి. టైర్లకు పట్టే కంప్రెసర్ గాలిని ట్యాంకులోకి వదిలే వాళ్లను చూశాను. ఎవరైనా మీ బండికి అలా చేయబోతే వెంటనే ఆపండి.

ఈ దారికి సందు పడితే ఎంత చేటో, మూసుకుపోయినా అంతే. క్యానిస్టర్‌కు బయటి గాలి అందే సన్నని దారి ఒకటి ఉంటుంది. అమెరికాలో మాజ్దా6 కార్లలో సాలెపురుగులు అందులో గూళ్లు కట్టడంతో ఆ కంపెనీ 2011లో ఒకసారి, 2014లో 42 వేల కార్లకు మరోసారి రీకాల్ ప్రకటించింది. పాలమూరు మట్టిరోడ్ల మీద ఆ పని దుమ్ము చేస్తుంది. పెట్రోలు మూత విప్పగానే ‘సుయ్’మని గట్టిగా గాలి లాగినా, పెట్రోలు పోసేటప్పుడు నాజిల్ మాటిమాటికీ ఆగిపోతున్నా ఆ గాలి దారిని చూపించండి.

చివరగా బంకు సంగతి. నాజిల్ ఆటో కట్ అయ్యాక ‘రౌండ్ ఫిగర్’ కోసం ఇంకాస్త పోస్తారు. ఆ పెట్రోలు ఆవిరి దారిలోకి ఎక్కి క్యానిస్టర్‌లోని బొగ్గును తడిపేస్తుంది. తడిసిన బొగ్గు ఆవిరిని పట్టదు, క్యానిస్టరే మార్చాల్సి వస్తుంది. చిల్లర లేకపోతే ఫోన్‌తో కట్టండి, ఆటో కట్ దగ్గరే ఆపమనండి. కారులో పెట్రోలు వాసన ఉంటే మాత్రం అద్దాలు దించుకుని, పిల్లలను వెనక కూర్చోబెట్టుకుని మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కకండి. ముందు వెనక సీటు ఎత్తించి చూడండి.